ఎదిగే కుక్కపిల్లలకు సమతుల ఆహారమే దృఢమైన ఎముకలకు పునాది
పాలు, అన్నం చాలవు – కాల్షియం మితిమీరరాదు
(ప్రత్యేక వ్యాసం)

పశువైద్యశాలలకు తీసుకువచ్చే మూడు, నాలుగు నెలల వయసు కుక్కపిల్లలలో ముందుకాళ్లు వంగిపోయి, కీళ్ల వద్ద వాపు వచ్చి, నిలబడటానికి సైతం ఇబ్బంది పడేవి ఉంటాయి. ఆహారం గురించి వైద్యులు ప్రశ్నించినప్పుడు యజమానుల నుంచి సాధారణంగా రెండు రకాల సమాధానాలు వస్తాయి. పూటపూటకూ పాలు, అన్నం పెడుతున్నామన్నది మొదటి సమాధానం. ఖరీదైన ఆహారంతో పాటు కాల్షియం మందు కూడా క్రమం తప్పకుండా పోస్తున్నామన్నది రెండవ సమాధానం. మొదటి ఇంటిలో జరిగినది లోపం, రెండవ ఇంటిలో జరిగినది అతి. ఈ రెండింటి వలనా నష్టపోయేది కుక్కపిల్ల ఎముకలే.

ఈ రెండు ఇళ్లలోనూ ప్రేమకు కొదవ లేదు, ఖర్చుకు వెనుకాడటం లేదు. లోపించినది అవగాహన మాత్రమే. కుక్కపిల్ల ఎముకలు ఎదిగే కాలం బహు స్వల్పం. ఆ కాలంలో జరిగిన పొరపాటును తరువాత ఎంత మంచి ఆహారం పెట్టినా పూర్తిగా సరిదిద్దటం సాధ్యం కాదు. అందువలన పెంపకందారులు మొదటి సంవత్సరంలో ఆహార విషయమై శాస్త్రీయ అవగాహన కలిగి ఉండటం అత్యంత ఆవశ్యకం.

శరవేగంగా సాగే పెరుగుదల

మానవ శిశువు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావడానికి సుమారు ఐదు నెలలు పడుతుంది. కుక్కపిల్ల పుట్టిన ఎనిమిది, పది రోజులలోనే రెట్టింపు బరువుకు చేరుతుంది. పుట్టినప్పుడు సుమారు 400 గ్రాములుండే ల్యాబ్రడార్ పిల్ల ఏడాది తిరిగేసరికి 28 కిలోలకు చేరుకోగలదు. అంటే పన్నెండు నెలలలో దాదాపు 70 రెట్ల పెరుగుదల. ఈ పెరుగుదలకు కావలసిన మాంసకృత్తులు, కొవ్వు, ఖనిజ లవణాలు, విటమిన్లు అన్నీ రోజువారీ ఆహారం నుంచే అందవలసి ఉంటుంది.

అన్ని జాతులూ ఒకే వయసుకు ఎదుగుదలను పూర్తి చేసుకోవు. పొమేరేనియన్, పగ్ వంటి చిన్న జాతులు ఎనిమిది నుంచి పది నెలలకు, మధ్యస్థ జాతులు సుమారు పన్నెండు నెలలకు, ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ వంటి పెద్ద జాతులు పదిహేను నుంచి పద్దెనిమిది నెలలకు పూర్తి ఎదుగుదలకు వస్తాయి. గ్రేట్ డేన్ వంటి భారీ జాతులకు రెండేళ్ల వరకు పట్టవచ్చు. ఆయా వయసు వచ్చే వరకు పెద్ద కుక్కల ఆహారం కాక ఎదిగే పిల్లలకు తగిన ఆహారమే ఇవ్వాలి.

శక్తి అవసరం కూడా ఎక్కువే. ఎదిగిన ఐదు కిలోల కుక్కకు రోజుకు సుమారు 370 కిలో కేలరీలు సరిపోగా, అదే బరువున్న రెండు, మూడు నెలల పిల్లకు సుమారు 700 కిలో కేలరీలు అవసరమవుతాయి. నాలుగు నెలలు దాటిన తరువాత బరువుతో పోల్చినప్పుడు ఈ అవసరం క్రమేణా తగ్గుతుంది. కావున పెద్ద కుక్కకు పెట్టే ఆహారాన్నే కొంచెం తగ్గించి పిల్లకు పెడితే సరిపోతుందనుకోవడం సరికాదు.

తల్లి పాలతోనే తొలి రక్షణ

పుట్టిన మొదటి 24 గంటలలో తల్లి ఇచ్చే ముర్రుపాలలో వ్యాధులను ఎదుర్కొనే రక్షక పదార్థాలు సమృద్ధిగా ఉంటాయి. కుక్కపిల్ల పేగులు వీటిని యథాతథంగా గ్రహించగలిగేది ఆ ఒక్క రోజు మాత్రమే. కాబట్టి ఈతలోని ప్రతి పిల్లా పాలు తాగినదీ లేనిదీ గమనించాలి. బలహీనంగా ఉన్న పిల్లలను తల్లి చన్నుల వద్దకు చేర్చాలి. మొదటి వారాలలో ప్రతిరోజూ ఒకే వేళకు వంటింటి త్రాసుతో పిల్లలను తూకం వేయడం మంచి అలవాటు. ఒక రోజంతా బరువు పెరగకపోయినా, తగ్గినా వెంటనే శ్రద్ధ వహించాలి.

పాలిచ్చే తల్లికి మూడు, నాలుగు వారాల సమయంలో మామూలు కంటే రెండు నుంచి నాలుగింతల ఆహారం అవసరమవుతుంది. ఈత పెద్దదైన కొద్దీ ఈ అవసరం పెరుగుతుంది. తల్లికి చాలినంత ఆహారం లేనిచోట పిల్లలకు చాలినన్ని పాలు ఉండవు.

తల్లిని కోల్పోయిన పిల్లలకు ఆవు పాలలో నీళ్లు కలిపి పట్టడం గ్రామాలలోనూ పట్టణాలలోనూ కనిపించే పద్ధతి. ఇది సరైనది కాదు. కుక్క పాలలో మాంసకృత్తులు, కొవ్వు, కాల్షియం ఆవు పాల కంటే సుమారు రెండింతలు ఉంటాయి. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ మాత్రం ఆవు పాలలోనే ఎక్కువ. నీళ్లు కలిపినప్పుడు పోషకాలు మరింత పలచబడతాయి. అందువలన కుక్కపిల్లల కోసం తయారు చేసిన పాలపొడిని వైద్యుల సలహాపై వాడటం ఉత్తమం. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టక, బోర్లా ఉంచి తల కొద్దిగా ఎత్తి పట్టాలి. లేనిచో పాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది. శరీరం చల్లబడిన పిల్లకు ముందుగా వెచ్చదనం కలిగించి, ఆ తరువాతనే పాలు పట్టాలి.

మూడు, నాలుగు వారాల వయసు నుంచి మెత్తటి జావ వంటి ఆహారాన్ని లోతు లేని పళ్లెంలో పరిచయం చేయవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు తల్లి పాలు పూర్తిగా మాన్పించడం జరుగుతుంది. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కుక్కల పునరుత్పత్తి, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లలను విక్రయించరాదు. నాలుగైదు వారాలకే తల్లి నుంచి వేరుచేసిన పిల్లను ముద్దుగా ఉన్నదని కొనడం ఆ పిల్ల ఆరోగ్యానికి చేటు, నిబంధనలకు విరుద్ధం.

పాలు, అన్నం ఎందుకు చాలవు

తెలుగు ఇళ్లలో కుక్కపిల్లకు తొలి ఆహారం పాలన్నం లేదా పెరుగన్నం. ఇది విషం కాదు. వేల సంవత్సరాలుగా మనిషి చెంత జీవించిన కుక్క పిండి పదార్థాలను జీర్ణం చేసుకునే శక్తిని సంతరించుకున్నది. తోడేలుతో పోల్చినప్పుడు పిండిని జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు ప్రతులు కుక్కలో అధికంగా ఉన్నట్లు 2013లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. కాబట్టి ఉడికిన అన్నాన్ని కుక్క జీర్ణం చేసుకోగలదు. అయితే ఎదిగే పిల్లకు కావలసినవన్నీ అందులో లేవు.

లెక్క వేసి చూసినప్పుడు ఈ విషయం స్పష్టమవుతుంది. అంతర్జాతీయ పోషకాహార ప్రమాణాల ప్రకారం తల్లి పాలు మానిన కుక్కపిల్ల తినే ప్రతి 1000 కిలో కేలరీల ఆహారంలో సుమారు 56 గ్రాముల మాంసకృత్తులు, 21 గ్రాముల కొవ్వు, 3 గ్రాముల కాల్షియం, 2.5 గ్రాముల భాస్వరం ఉండాలి. కేవలం అన్నం నుంచి 1000 కిలో కేలరీలు పొందాలంటే ముప్పావు కిలో పైచిలుకు అన్నం తినాలి. అందులో లభించే మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. కాల్షియం గ్రాములో పదవ వంతు కూడా ఉండదు.

పాలు కలిపితే ఈ లోటు తీరుతుందని పలువురు భావిస్తారు. సగం శక్తి అన్నం నుంచి, సగం శక్తి ఆవు పాల నుంచి అందేలా ముప్పావు లీటరు పాలు పోసినప్పటికీ మొత్తం మాంసకృత్తులు 35 గ్రాములను, కాల్షియం ఒక గ్రామును మించవు. ఇనుము నామమాత్రంగానే అందుతుంది. అన్ని పాలు పోస్తే చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. కడుపు నిండుతుంది, పొట్ట ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, పిల్ల బొద్దుగా ఉన్నదన్న తృప్తి కలుగుతుంది. కండరాలు, ఎముకలు మాత్రం ఆకలితోనే ఉంటాయి.

రాగి జావ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ధాన్యాలలో రాగులలో కాల్షియం అధికమన్నది వాస్తవమే. 300 గ్రాముల రాగి పిండిలో సుమారు ఒక గ్రాము కాల్షియం ఉంటుంది. అయితే ధాన్యాలలో సహజంగా ఉండే ఫైటేట్ల కారణంగా అందులో కొంత భాగం ఒంటికి పట్టదు. రాగి జావను ఆహారంలో భాగంగా ఇవ్వవచ్చు కాని, దానిపైనే ఆధారపడరాదు.

మాంసం ఒక్కటే పెట్టినా ముప్పే

కుక్క మాంసాహారి కదా అని ఎముకలు లేని కోడిమాంసం మాత్రమే పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఇందులో మాంసకృత్తులకు లోటుండదు. అసలు సమస్య ఖనిజ లవణాల నిష్పత్తిలో ఉన్నది. 100 గ్రాముల మెత్తటి కోడిమాంసంలో కాల్షియం సుమారు 15 మిల్లీగ్రాములు కాగా, భాస్వరం 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఎదిగే పిల్ల ఆహారంలో భాస్వరం ఒక వంతు ఉంటే కాల్షియం ఒక వంతు నుంచి రెండు వంతుల మధ్య ఉండాలి. మాంసంలో ఈ నిష్పత్తి పూర్తిగా తలకిందులైనది.

రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు మెడ వద్ద ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకలలో నిలువ ఉన్న కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి చేరుస్తాయి. గుండె, కండరాలు, నరాలు పనిచేయడానికి అది తప్పనిసరి. కాని ఇది నెలల తరబడి కొనసాగినప్పుడు ఎముకలు పలచబడి, చిన్న గెంతుకే విరిగే స్థితికి చేరతాయి. పిల్ల కుంటడం, ఎత్తుకోబోతే అరవడం, లేవడానికి నిరాకరించడం దీని లక్షణాలు. మంచి మాంసం తింటున్న పిల్లకు ఎముకల జబ్బేమిటని యజమానులు ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే.

ఎండతో డి విటమిన్ అందదు

కాళ్లు వంగిన పిల్లను రోజూ ఎండలో కూర్చోబెడితే బాగవుతుందన్న నమ్మకం ప్రబలంగా ఉన్నది. మనుషులకు ఇది వర్తిస్తుంది. కుక్కలలో మాత్రం సూర్యరశ్మితో చర్మంలో డి విటమిన్ తగినంతగా తయారు కాదు. దానికి మూలమైన పదార్థం చర్మంలో నిలువ ఉండకుండానే వేరొకటిగా మారిపోవడం ఇందుకు కారణం. కావున కుక్కలు ఈ విటమిన్‌ను గుడ్డు సొన, చేప, కాలేయం వంటి ఆహారం నుంచి లేదా సమతులంగా తయారు చేసిన దాణా నుంచి పొందవలసిందే. ఎండను నమ్ముకుని ఆహారాన్ని మార్చకుండా ఉండటం వలన విలువైన వారాలు వృథా అవుతాయి. అలాగని డి విటమిన్ చుక్కల మందును సొంతంగా వాడటం మరింత ప్రమాదకరం. మోతాదు మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కాల్షియం మందు – అతి అనర్థదాయకం

మొదట ప్రస్తావించిన రెండవ ఇంటి పొరపాటు ప్రత్యేకించి పెద్ద జాతుల పిల్లలలో కనిపిస్తుంది. ఎదిగిన కుక్క శరీరం తనకు అవసరమైనంత కాల్షియాన్ని మాత్రమే పేగుల ద్వారా గ్రహించి, మిగిలిన దానిని విసర్జిస్తుంది. ఆరు నెలల లోపు పిల్లకు ఈ నియంత్రణ శక్తి పూర్తిగా ఏర్పడదు. ఆహారంలో ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ శరీరంలో చేరుతుంది. అలా చేరిన అధిక కాల్షియం, మృదులాస్థి క్రమపద్ధతిలో ఎముకగా మారే ప్రక్రియను అడ్డుకుంటుంది. ఫలితంగా కీళ్ల మృదులాస్థి పగుళ్లివ్వడం, ముంజేతి ఎముకలు రెండూ సమానంగా పెరగక కాలు వంకర తిరగడం సంభవిస్తాయి. జింకు వంటి ఇతర ఖనిజాలు ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది.

అందుకే పెద్ద జాతుల పిల్లల ఆహారంలో కాల్షియం తేమ తీసివేసిన బరువులో 1.8 శాతానికి మించరాదని ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ఎదిగే పిల్లల కోసం తయారు చేసిన సంపూర్ణ దాణాలో అవసరమైన కాల్షియం ముందుగానే కలిపి ఉంటుంది. దానిపై మళ్లీ కాల్షియం పొడి, బిళ్లలు, ఎముకల పొడి చేర్చినప్పుడు ఈ పరిమితి దాటిపోయే అవకాశముంది. సంపూర్ణ దాణా తింటున్న పిల్లకు వైద్యులు చెప్పనిదే కాల్షియం ఇవ్వరాదు. ఇంటి ఆహారం తింటున్న పిల్లకు కాల్షియం అవసరమే అయినా, ఎంత ఇవ్వాలన్నది బరువును, వయసును, జాతిని బట్టి వైద్యులే నిర్ణయించాలి. చెవులు నిలబడటం కోసం, త్వరగా ఎత్తు ఎదగడం కోసం కాల్షియం మందు పోయడం ఎంతమాత్రమూ సరికాదు.

నిదానంగా ఎదగడమే మేలు

బొద్దుగా ఉన్న పిల్లే ఆరోగ్యవంతమైనదన్న అభిప్రాయం కూడా మారవలసి ఉన్నది. పెద్ద జాతి పిల్ల వేగంగా బరువు పెరిగినప్పుడు ఇంకా గట్టిపడని కీళ్లపై భారం పడుతుంది. తుంటి కీలు వదులు కావడం, మోచేతి కీలు అరగడం వంటివి వంశపారంపర్యంగా వచ్చే అవకాశమున్నా, అధిక బరువు వాటిని తీవ్రతరం చేస్తుంది.

అమెరికాలో 48 ల్యాబ్రడార్ కుక్కలపై పద్నాలుగేళ్ల పాటు సాగి, 2002లో ప్రచురితమైన అధ్యయనం ఈ విషయంలో ప్రామాణికమైనది. ఒకే ఈతలో పుట్టిన పిల్లలను ఎనిమిది వారాల వయసులో జతలుగా విభజించి, జతలో ఒకదానికి రెండవదాని కంటే 25 శాతం తక్కువ ఆహారం జీవితాంతం ఇచ్చారు. ఆహారం మాత్రం రెండింటికీ ఒకటే, అది అన్ని పోషకాలూ ఉన్నదే. తక్కువ తిన్న వర్గం మధ్యగత ఆయుర్దాయం 13 సంవత్సరాలు కాగా, ఎక్కువ తిన్న వర్గంలో అది 11.2 సంవత్సరాలే. కీళ్ల జబ్బులు కూడా సన్నగా ఉన్న కుక్కలలో ఆలస్యంగా, తక్కువగా కనిపించాయి. పిల్లను పస్తులుంచమని దీని అర్థం కాదు. పోషకాలు సంపూర్ణంగా, పరిమాణం మితంగా ఉండాలన్నదే ఇందులోని సారాంశం.

పిల్ల సరైన ఒంటి తీరులో ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి పరికరాలు అవసరం లేదు. పక్కటెముకలపై వేళ్లను మృదువుగా ఆనించి చూడాలి. చాచిన అరచేతి వెనుక భాగాన్ని తాకితే ఎముకలు ఎలా తెలుస్తాయో, పక్కటెముకలు అలా తెలియాలి. బిగించిన పిడికిలి కణుపుల వలె పొడుచుకు వస్తే పిల్ల చిక్కినట్లు. అరచేయి లోపలి వైపు వలె ఏమీ తగలకపోతే కొవ్వు పట్టినట్లు. పైనుంచి చూసినప్పుడు నడుము కొద్దిగా లోపలికి కనిపించాలి. వారానికి ఒకసారి ఈ పరీక్ష చేసి, ఆహారాన్ని దానికి తగినట్లు సవరించుకోవాలి.

రోజుకు ఎన్నిసార్లు పెట్టాలి

కుక్కపిల్ల పొట్ట చిన్నది, అవసరం పెద్దది. కనుక కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టాలి. మూడు నెలల వరకు రోజుకు నాలుగుసార్లు, మూడు నుంచి ఆరు నెలల వరకు మూడుసార్లు, ఆ తరువాత రెండుసార్లు నియమిత వేళలలో ఆహారం ఇవ్వాలి. అతి చిన్న జాతుల పిల్లలు ఎక్కువసేపు పస్తుంటే రక్తంలో చక్కెర తగ్గి, తూలిపడి, మూర్ఛపోయే ప్రమాదముంది. పళ్లెం రోజంతా నిండుగా ఉంచడం కంటే, పదిహేను, ఇరవై నిమిషాలలో తినగలిగినంత పెట్టి మిగిలినది తీసివేయడం మేలు.

ఆహారాన్ని ఒక్కసారిగా మార్చరాదు. పాతదానిలో కొత్తదానిని కొద్దికొద్దిగా కలుపుతూ, ఏడు నుంచి పది రోజులలో పూర్తిగా మార్చాలి. శుభ్రమైన తాగునీరు అన్ని వేళలా అందుబాటులో ఉంచాలి. వేసవిలో తడి ఆహారం త్వరగా పులిసిపోతుంది కాబట్టి గంటకు మించి బయట ఉంచరాదు. పొడి దాణాను తేమ తగలకుండా మూత ఉన్న డబ్బాలో భద్రపరచాలి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ, తవుడు వంటి వాటిలో ఏర్పడే అఫ్లాటాక్సిన్ కుక్కల కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది. మనుషులు తినకూడని పాడైన ధాన్యం కుక్కకూ పనికిరాదు.

ఇంటి ఆహారమా, తయారీ దాణానా

రెండింటిలో ఏదైనా మంచిదే, అది సమతులమైనదైతే. తయారీ దాణా కొనేవారు సంచిపై అది ఎదిగే పిల్లలకు సంపూర్ణ ఆహారమని స్పష్టంగా రాసి ఉన్నదో లేదో చూడాలి. పెద్ద జాతులకు వాటి కోసం ప్రత్యేకించిన దాణానే ఎంచుకోవాలి. తయారీ తేదీని, గడువును సరిచూసుకోవాలి. విప్పి తూకానికి అమ్మే దాణాలో ఈ వివరాలేవీ తెలిసే అవకాశం లేదు.

ఇంట్లో వండిపెట్టేవారు అన్నం లేదా రాగి సంకటికి తోడు ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, ముళ్లు తీసిన చేప, ఉడికిన క్యారెట్, గుమ్మడి వంటి కూరగాయలు, కొద్దిగా నూనె చేర్చాలి. ఉప్పు, కారం, మసాలా లేకుండా వండాలి. గుడ్డును ఉడికించే పెట్టాలి. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కాలేయం పోషకాల గని అయినప్పటికీ కొద్దిగానే ఇవ్వాలి. అతిగా తింటే ఏ విటమిన్ మోతాదు మించి ఎముకలకే హాని కలుగుతుంది. ఇన్ని పెట్టినా కాల్షియం లోటు మిగిలే ఉంటుంది. ఒక కోడిగుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. శుభ్రం చేసి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసిన పెంకును కాల్షియం వనరుగా వాడే పద్ధతి ఉన్నది. అయితే మోతాదును వైద్యుల చేత లెక్క వేయించుకున్న తరువాతనే వాడాలి. శాకాహార కుటుంబాలు గుడ్డు, పెరుగు, పన్నీరు, పప్పుల సహాయంతో మాంసకృత్తులు అందించవచ్చు కాని, ఎదిగే వయసులో లోపాలు త్వరగా తలెత్తుతాయి కాబట్టి వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

వంటింటిలోని కొన్ని పదార్థాలు

మనుషులకు మేలు చేసే కొన్ని పదార్థాలు కుక్కలకు విషతుల్యం. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. సాంబారు, పప్పు, కోడికూర పులుసులలో ఇవి తప్పక ఉంటాయి కాబట్టి కూర కలిపిన అన్నం పెట్టరాదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం. కిస్‌మిస్ వేసిన పరమాన్నం, కేసరి పండుగ రోజులలో కుక్కపిల్లల నోటికి అందకుండా చూడాలి. చాక్లెట్, కాఫీ, టీ గుండెపై ప్రభావం చూపుతాయి. చక్కెర లేని చూయింగ్ గమ్ వంటి వాటిలో వాడే జైలిటాల్ స్వల్ప మోతాదులోనే ప్రాణాపాయం కలిగిస్తుంది. ఉడికించిన కోడి ఎముకలు పదునైన ముక్కలుగా చీలి గొంతులో, పేగులలో గుచ్చుకుంటాయి. ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు చేపలు పెట్టరాదు.

నట్టలు ఉంటే పోషకాహారం వృథా

ఎంత మంచి ఆహారం పెట్టినా కడుపులో నట్టలున్న పిల్ల ఎదగదు. ఏలిక పాములు తల్లి గర్భంలో ఉండగానే పిల్లకు సంక్రమిస్తాయి. కొంకి పురుగులు తల్లి పాల ద్వారా చేరి, రక్తాన్ని పీల్చి, పాలిపోయేలా చేస్తాయి. అందువలన రెండు వారాల వయసు నుంచే నట్టల నివారణ మందును రెండు వారాలకు ఒకసారి, ఆపైన ఆరు నెలల వరకు నెలకు ఒకసారి వైద్యుల సూచన మేరకు తాగించాలి. ఇది కుటుంబ ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం. కుక్కల ఏలిక పాముల గుడ్లు మట్టి ద్వారా చిన్నపిల్లల కడుపులోకి చేరినప్పుడు వాటి లార్వాలు కాలేయానికి, కంటికి సైతం హాని చేయగలవు.

ఆరు వారాల వయసు నుంచి పార్వో, డిస్టెంపర్ టీకాలను నిర్ణీత వ్యవధులలో, మూడు నెలలకు రేబిస్ టీకాను వేయించాలి. పోషకాహార లోపమున్న పిల్లలో టీకాకు స్పందన కూడా బలహీనంగా ఉండవచ్చు. ఆహారం, నట్టల నివారణ, టీకా ఈ మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడినవని గుర్తించాలి.

దేశవాళీ పిల్లలకూ ఇదే నియమం

2020 ఆగస్టు 30న మన్ కీ బాత్ కార్యక్రమంలో ప్రధానమంత్రి ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కొంబై వంటి భారతీయ జాతుల కుక్కలను పెంచుకోవాలని పిలుపునిచ్చారు. వీధులలో పుట్టిన నాటు పిల్లలను దత్తత తీసుకునేవారూ ఉన్నారు. ఇవి ఏది పెట్టినా తిని బతుకుతాయన్న అభిప్రాయం ఉన్నది. బతకడం వేరు, ఎదగడం వేరు. ఎముకల నిర్మాణానికి కావలసిన ఖనిజాలు నాటు పిల్లకూ, ఖరీదైన జాతి పిల్లకూ ఒకటే. పస్తులతో చిక్కిన వీధి పిల్లను ఇంటికి తెచ్చినప్పుడు మొదటి రోజే కడుపు నిండా పెట్టక, కొద్ది పరిమాణంలో పలుమార్లు ఇస్తూ క్రమంగా పెంచాలి.

పోలీసు విధులలో వినియోగించే జాగిలాల విషయంలో ఈ అంశాలకు మరింత ప్రాధాన్యత ఉన్నది. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ వంటి సంస్థలలో శిక్షణ పొందే జాగిలం ఏళ్ల తరబడి పరుగెత్తాలి, గెంతాలి, గంటల తరబడి నిలబడాలి. పిల్లప్రాయంలో దెబ్బతిన్న కీలు దాని సేవాకాలాన్నే కుదించివేస్తుంది.

పెంపకందారుల బాధ్యత

కుక్కపిల్ల కుంటుతున్నా, కాళ్లు వంగుతున్నట్లు కనిపించినా, రెండు వారాలుగా బరువు పెరగకపోయినా, తరచుగా మట్టి, గోడ సున్నం నాకుతున్నా ఆలస్యం చేయక సమీప పశువైద్యశాలలో చూపించాలి. వెళ్లేటప్పుడు పిల్ల ప్రతిరోజూ తింటున్న పదార్థాల జాబితాను, వాడుతున్న మందుల సీసాలను వెంట తీసుకువెళ్లినట్లయితే లోపమో, అతియో గుర్తించడం వైద్యులకు సులభమవుతుంది. తొలి దశలో గుర్తించిన ఎముకల లోపాలలో చాలా వరకు ఆహార సవరణతోనే మెరుగవుతాయి. ఎదుగుదల ముగిసిన తరువాత వంగిన కాలుకు శస్త్రచికిత్స ఒక్కటే మార్గం కావచ్చు.

అన్నం, పాలు, మాంసం, కాల్షియం వీటిలో ఏదీ చెడ్డది కాదు. ఏ ఒక్కటీ తనంతట తాను చాలినదీ కాదు. అన్నింటినీ తగు పాళ్లలో, తగు వయసులో అందించడమే కుక్కపిల్ల పెంపకంలో కీలకం. పన్నెండేళ్లు తోడుగా ఉండవలసిన ప్రాణికి మొదటి పన్నెండు నెలలలో చూపే శ్రద్ధే మిగిలిన జీవితమంతా దానిని తన కాళ్లపై నిలబెడుతుంది.